గంగమ్మ పలక కింద వదులైన బోల్టులు

2008 నవంబరు 16, ఆదివారం. దుమ్ముగూడెం వైపు గోదావరిలో తెరచాప పడవ ఒకటి తిరుగుతోందని పోయిన వారం ఈ బ్లాగులో ప్రస్తావించాను. కార్తీక వనభోజనాలకు అందులో వెళ్లవచ్చా అని చాలామంది అడిగారు. చూడకుండా చెప్పడం నాకు చేతకాదు. నిన్న మా చెల్లెలు సుశీలను వెంటబెట్టుకొని వెళ్లాను. వచ్చే ఆదివారానికి ఒక బృందం ఆ పడవను మాట్లాడుకుంది, అందుకే ఈ రాత ఆపలేను.

ఖమ్మంలో ఉదయం ఐదున్నర బస్సు ఎక్కితే తొమ్మిదిన్నరకల్లా భద్రాచలం. టికెట్టు అరవై ఎనిమిది రూపాయలు. అక్కడ ఇడ్లీ తిని, దుమ్ముగూడానికి షేర్ ఆటోలో తలకు ఇరవై. రేవులో పడవ నడిపే లక్ష్మయ్య, ఆయన భార్య సమ్మక్క ఎదురుచూస్తున్నారు. యూరియా సంచులు విప్పి కుట్టిన తెరచాప. ముందు భాగంలో పసుపు పూసిన చెక్క, దాన్ని గంగమ్మ పలక అంటారు. అవతలి ఇసుకతిన్నెకు వెళ్లి రావడానికి ఇద్దరికీ కలిపి రెండు వందలు మాట్లాడుకున్నాం.

గాలి బాగానే పట్టింది. సగం దూరం పోయాక సుశీల నవ్వింది. "అక్కా, మన చెప్పులు మనకంటే ముందే బయల్దేరాయి చూడు!" చూస్తే అడుగు చెక్కల మీద చెప్పులు తేలుతున్నాయి. నేను నవ్వలేదు.

"ఏందయ్యా గిట్ల వస్తున్నయ్ నీళ్లు?" సమ్మక్క డాల్డా డబ్బాతో తోడడం మొదలుపెట్టింది. లక్ష్మయ్య తెరచాప దించి, తెడ్డుతో పడవను వెనక్కి తిప్పాడు.

ఒడ్డున దిగాక లక్ష్మయ్యను అడిగాను. "అడుగు దూలానికి పలకలను పట్టి ఉంచే బోల్టులు బిగించావా?"

"అవ్ అమ్మా. కార్తీకం రాంగనే తారు పూసి, పానా పట్టి అన్నీ బిగించిన."

"ఆ పసుపు పలక కింద?"

అతను తల దించుకున్నాడు. "గది అమ్మవారి జాగ. మా నాయన ఉన్నప్పటి సంది ఆడ ఇనుము ముట్టియ్యలే."

"ఇప్పుడు ముట్టించు."

"నా చేతగాదమ్మా. ఏమన్న అయితే?"

"అయ్యేది నీళ్లల్ల అయితది!" అంది సమ్మక్క. "అమ్మ కాళ్ల కిందికెల్లి నీళ్లొస్తుంటే ఆమెకు మంచిగుంటదా? నువ్వు జర పక్కకు జరుగు." ఆమె దీపం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, పలకను తనే ఊడదీసి ఉతికిన చీర మీద పెట్టింది. కింద రెండు బోల్టులు. వేళ్లతోనే తిరిగాయి. చుట్టూ చెక్క నానిన రొట్టెలా ఉంది.

లక్ష్మయ్య ఇసుకలో కూలబడ్డాడు. "ఆదివారం వచ్చేటోళ్లకు ఏం చెప్పాలె? ఏడాదిల గీ నెలే మాకు గిరాకీ."

"ఉన్నదే చెప్పు," అన్నాను. సగమే తిప్పినందుకు వంద చాలన్నాడు. రెండు వందలూ ఇచ్చాను, సమయానికి వెనక్కి తిప్పినందుకు.

తిరుగు బస్సులో సుశీల, "పాపం, వాళ్ల గురించి చెడుగా రాయకు" అంది. చెడుగా రాయను. కానీ ఎక్కవచ్చని కూడా రాయలేను. అతను సోమరి కాడు. ఏటా పడవంతా తడిమి చూసుకునే మనిషి, భక్తి కొద్దీ ఒక్కచోట చెయ్యి పెట్టలేదు. నీరు ఆ ఒక్కచోటే దారి చేసుకుంది. ఇలాంటి చోట్లు మన ఇళ్లలోనూ ఉంటాయి. మీరు ఏ పడవ ఎక్కినా ముందు అడుగు చెక్క ఎత్తి చూపించమనండి. తడి ఉంటే ఫర్వాలేదు. చూస్తుండగా నీరు పెరిగితే దిగిపోండి.

ఇక జరగవలసినవి, లక్ష్మయ్య దంపతులు ఒప్పుకున్న వరుసలో:

1. ఆదివారం వచ్చే బృందానికి పడవ లేదని రేపే కబురు చేయాలి.
2. పడవను ఒడ్డుకు లాగి, మెత్తబడ్డ దూలం ముక్క మార్చి, కొత్త బోల్టులు వేయాలి.
3. ఖాళీ పడవను ఒక పగలూ రాత్రీ నీళ్లలో ఉంచి అడుగు చూడాలి.
4. గంగమ్మ పలకను మళ్లీ బిగించాలి, ఈసారి విప్పడానికి వీలుగా.
5. మొదట లక్ష్మయ్య, సమ్మక్క ఎక్కాలి. మూడో మనిషిని నేను.