అడగడం, అడుక్కోవడం

మొన్న సాక్చి బజారులో మా అమ్మాయికి జీన్సు ప్యాంటు కొందామని వెళ్తే, దుకాణంవాడు కొత్త కట్ట విప్పి బల్ల మీద దులిపాడు. గుప్పున వాసన కొట్టింది. నీలిరంగు, గంజి కలిసిన వాసన. పక్కన నిలబడ్డవాళ్ళకది కొత్తబట్ట వాసనే. నాకు మాత్రం నేను పెరిగిన భుయ్యాడీహ్‌లో రేకుల కప్పు కింద ఒక ఇరుకు గది, అందులో వేళ్ళకు నీలం పట్టిన ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య గొంతు చించుకుంటూ నర్సమ్మత్త కనిపించారు. ప్యాంటు కొనకుండానే బయటికి వచ్చేశాను. "క్యా హువా మమ్మీ?" అంటూ అమ్మాయి వెంటపడింది. తను పుట్టకముందే పోయిన మనిషి గురించి ఆ పిల్లకు బజారులో నిలబడి ఏం చెప్పను? ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

నర్సమ్మత్త మాకు చుట్టం కాదు. వాళ్ళదీ శ్రీకాకుళం వైపే, మాదీ అటే. తాతల కాలంలో హిందీ మాట్లాడే ఈ ఇనుము కార్ఖానా ఊరికి పనికి వచ్చి ఉండిపోయిన కుటుంబాలు. మా వీధిలో చుట్టరికానికి ఆ మాత్రం చాలు. పొట్టి మనిషి, ఇంత గొంతు. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. మా వీధిలో ఎన్నో ఇళ్ళు ఇవాళ ఎవరి దయమీదా ఆధారపడకుండా పొయ్యి వెలిగించుకుంటున్నాయంటే అది ఆమె చలవే. అలాంటి మనిషి నోరు తెరిచి ఒక్క మాట అడిగి ఉంటే ఇంకొన్నేళ్ళు బతికేది. అడగలేదు. అది తలుచుకుంటే నాకు ఏడుపుకంటే ముందు కోపం వస్తుంది.

మా నాన్న ఠేకా కూలీ. అంటే కార్ఖానాలోనే పని, కానీ కార్ఖానా మనిషి కాదు. కంట్రాక్టరు పిలిస్తే ఉంది, లేకపోతే లేదు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా జ్వరంతో పోయాడు. ఆయన తరవాత మాకంటూ వచ్చింది ఏమీ లేదు. అమ్మ నెలకోసారి నన్ను వెంటబెట్టుకుని భాలుబాసాలో ఉన్న చిన్నాన్న ఇంటికి వెళ్ళేది. చిన్నాన్న చెడ్డవాడు కాదు, పిన్నీ చెడ్డది కాదు. అయినా మేము వెళ్ళామంటే ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయేవి. అమ్మ గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చునేది. వాళ్ళ భోజనాలయ్యాక పిన్ని ఒక సంచీలో బియ్యం, పప్పు పోసి తెచ్చి పెట్టేది. అమ్మ అది తీసుకుని లేచేది. నాకు ఆ ఇంటి గుమ్మం పెచ్చులు ఎక్కడెక్కడ ఊడాయో ఇప్పటికీ గుర్తే.

ఒకరోజు అలా వస్తుంటే వీధి మొగలో నర్సమ్మత్త అడ్డం పడింది.

"ఏటే పార్వతీ ఆ సంచీ? అడిగినావా, అడుక్కున్నావా?"

అమ్మకు అర్థం కాలేదు. "మా మరిదే ఇచ్చినాడు వదినా."

"ఇచ్చినాడు సరే. నువ్వేటని అడిగినావు?"

"ఏటీ అడగనేదు. గుమ్మంలో కూకున్నాను. ఆళ్ళే తెచ్చిచ్చినారు."

"అదేనే అడుక్కోడమంటే! నోరిప్పి నాకిది కావాలని అంటే అడగడం. నోరు మూసుకుని గుమ్మంలో కూకుంటే అడుక్కోడం. రేపు పొద్దున్న బేగి నా కాడికి రా."

అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. నడివీధిలో అంత మాట అంటుందా అని నాకు ఒళ్ళు మండిపోయింది. తెల్లారాక మాత్రం అమ్మ వెళ్ళింది.

నర్సమ్మత్త గదిలో చేసే పని చేతి తొడుగులు కుట్టడం. ఇనుప సామాను మోసే కూలీలు వేసుకునే ముతక గ్లౌజులు. బట్టల కార్ఖానాల్లో మిగిలిపోయిన జీన్సు ముక్కలు ఒక సేఠ్ మూటలుగా తెచ్చి పడేసేవాడు, వీళ్ళు కత్తిరించి కుట్టి ఇచ్చేవారు. పని నేర్పడంలో ఆమెకొక పద్ధతి ఉంది. ఎవరొచ్చినా తన మిషను మీదే నేర్పేది, కూలి ఇచ్చేటప్పుడే కొంత పక్కన పెట్టించేది, ఆ పక్కన పెట్టినదానితో సొంత మిషను కొనుక్కున్న రోజున గదిలోంచి వెళ్ళగొట్టేది. నిజంగానే వెళ్ళగొట్టేది. "నా మిషను మీద ముసిల్దానివైపోతావేటి? ఎల్లు, నీ ఇంట్లో కుట్టుకో" అనేది. తనకు పనివాళ్ళు తగ్గిపోతారన్న చింత ఆమెకుండేది కాదు. మళ్ళీ వీధిలో ఎవరి కొంపో కూలేది, మళ్ళీ ఇంకొక ఆడమనిషి ఆ మిషను ముందు కూర్చునేది.

అమ్మ చేరిన కొత్తలో జరిగిన ఒక గొడవ చెప్పాలి. సేఠ్ మొదటిసారి పెద్ద పని తెచ్చాడు. అప్పటిదాకా రెండు చేతులకూ పట్టే తొడుగులే కుట్టారు. ఈసారి కుడిచేతికి వేరు, ఎడమచేతికి వేరు కావాలి. వాడు బండి దిగకుండానే "ఆధా సీధా, ఆధా ఉల్టా. సమఝీ?" అన్నాడు. నర్సమ్మత్త తల ఊపింది. ఆధా అంటే సగం. హిందీలో సీధా హాథ్ అంటే కుడిచెయ్యి, ఉల్టా హాథ్ అంటే ఎడమచెయ్యి. మన తెలుగువాళ్ళకు ఉల్టా అంటే తిరగేసినది, అంతే. దాంతో గదిలో అందరూ కలిసి మొత్తం ఒకే చేతికి కత్తిరించారు, కుట్టారు, సగం తిప్పి బట్ట మంచివైపు పైకి తీశారు, మిగతా సగం తిప్పకుండా కుట్లూ దారప్పోగులూ పైకి కనపడేట్టే వదిలేశారు. "ఈ ఉల్టావి ఎవులు తొడుక్కుంతారొదినా?" అని అమ్మ అడిగితే, "ఆళ్ళ సోకులు మనకేటి తెలుత్తాయి, కుట్టు" అందట.

సేఠ్ వచ్చి మూట విప్పి, ఒకటి తొడుక్కుని, ఇంకొకటి తిప్పి తొడుక్కుని, కాసేపు అయోమయంగా చూశాడు. తిప్పితే అన్నీ కుడిచేతివే. తరవాత నవ్వలేక చచ్చాడు. అన్నీ కుడిచేతులే ఉన్న ఊరేదైనా ఉంటే అక్కడ అమ్ముకోమన్నాడు. నవ్వు అయిపోయాక, అన్నీ సరిచేసి ఇస్తేనే కూలి అని చెప్పి వెళ్ళిపోయాడు. నర్సమ్మత్త మొహం మొదటిసారి చిన్నబోయింది. విప్పిన మూట దగ్గరికి లాక్కుని తనే అంది.

"వాడన్నప్పుడే నాకు సగం తెలవనేదు. మళ్ళీ అడగడానికి సిగ్గేసింది. నా సిగ్గు మీ అందరి కూలి తినేసింది."

కుట్లు ఊడదీసి మళ్ళీ కుట్టడానికి వారం పైన పట్టింది. ఆ తరవాత ఆమె గదిలో ఒక కట్టుబాటు పెట్టింది. సేఠ్ వచ్చినప్పుడల్లా ఒక్కొక్కరు వాడిని ఒక ప్రశ్న అడగాలి. హిందీ రాకపోయినా సరే. అమ్మ వంతు వచ్చిన రోజు నేను స్కూలు బట్టల్లోనే గుమ్మంలో ఉన్నాను. అమ్మకు హిందీలో "హాఁ జీ" తప్ప ఇంకేదీ రాదు. చమటలు కక్కుతోంది. నేను అందుకోబోతే నర్సమ్మత్త నా జబ్బ గట్టిగా గిల్లింది. "నోరు ముయ్యి గుంటా. మీయమ్మ మాటాడతాది." అమ్మ రెండుసార్లు గొంతు సవరించుకుని, సేఠ్ వైపు కాకుండా వాడి చెప్పుల వైపు చూస్తూ, "రేటు... కబ్ బఢేగా?" అంది.

రేటు ఎప్పుడు పెంచుతావు అని! మా అమ్మ! సేఠ్ కూడా ఉలిక్కిపడ్డాడు. దీపావళికి చూద్దామన్నాడు, కాస్త పెంచాడు కూడా. ఆ తరవాత మేము భాలుబాసా వెళ్ళాం కానీ పండక్కి, మిఠాయి పట్టుకుని వెళ్ళాం. పిన్ని లోపలికి పిలిచి కుర్చీ వేసింది. మరుసటేడు అమ్మ సొంత మిషను కొనుక్కుంది. నర్సమ్మత్త దానికి బొట్టు పెట్టి, "ఇంక నా గుమ్మం తొక్కకే" అని తిట్టి పంపింది. అమ్మ కుట్టిన తొడుగుల మీదే నేను కాలేజీ దాటాను, సిద్ధగోరాలో ఒక స్కూల్లో టీచరునయ్యాను, అక్కడే కాపురం పెట్టాను.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆమె గది పలచబడింది. నేర్చుకున్నవాళ్ళందరూ ఎవరిళ్ళలో వాళ్ళు కుట్టుకుంటున్నారు. ఆమె కోరుకున్నది అదే, జరిగింది అదే. ఆఖర్న ఆ గదిలో మిషను, ఆమె మిగిలారు. నేను వెళ్ళినప్పుడల్లా కాలు చీర కిందికి లాక్కుని కూర్చునేది. ఏమైందత్తా అంటే, "మిషను తొక్కి తొక్కి కాయ కాసింది. నీకేటి తెలుత్తాదిలే, పంతులమ్మవి. ఎల్లు, ఆటో దొరకదు" అని నవ్వించి పంపేసేది.

అది కాయ కాదు. షుగరు పుండు. మందులు ఎప్పుడో మానేసిందని మాకు ఆ తరవాత తెలిసింది. పని తగ్గాక మందులకు చాలక మానేసింది. వీధిలో ఏ గుమ్మంలో నిలబడినా లోపలికి లాక్కుని కూర్చోబెట్టేవాళ్ళే, ఒక్కొక్కరు ఒక్కొక్క నెల మందులు తెచ్చినా భారం కాదు. ఎవరికీ చెప్పలేదు. జీన్సు ముక్కలు చుట్టి కట్టుకుని మిషను తొక్కుతూనే ఉంది. ఒకరోజు అమ్మ తలుపు తోసుకుని వెళ్తే గదంతా కుళ్ళిన వాసన. ఆసుపత్రిలో పాదం తీసేయాలన్నారు. తీసినా విషం అప్పటికే పైకి పాకేసింది.

నేను సెలవు పెట్టి వెళ్ళేసరికి అమ్మ ఆమె మంచం పక్కన ఉంది. అమ్మ గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు నేను. వార్డంతా మా వైపు చూస్తోంది.

"ఒక్కమాట అడగలేపోనావా వదినా? మేమందరం సచ్చిపోయినామా?"

"మీకందరికీ నేర్పినదాన్ని. నానెలగ సాపుతానే సెయ్యి?"

"సెయ్యి సాపమని ఎవులన్నారు? అడగడం ఏరు, అడుక్కోడం ఏరని నువ్వే కదా నాకు సెప్పినావు?"

నర్సమ్మత్త మొహం పైకప్పు వైపు తిప్పుకుంది. కళ్ళ చివర నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఆ తేడా మీకు సెప్పినాను పార్వతీ. నాకెవులు సెప్పినారు?"

ఆ వారంలోనే పోయింది. సువర్ణరేఖ నది ఒడ్డున దహనానికి మా వీధి ఆడవాళ్ళందరూ వచ్చారు, రావద్దన్న మగవాళ్ళ మాట వినకుండా. చితి ఖర్చు ఎవరు పెట్టాలన్న దగ్గర పోట్లాడుకున్నారు కూడా. నేనంటే నేనని. బతికుండగా ఆ పోట్లాట ఆమె చెవిన పడి ఉంటే ఎంత బాగుండేదో అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను.

ఆమె దగ్గర్నుంచి నాకు వచ్చినవి రెండు. వెన్ను వంచకుండా నిలబడటం ఒకటి. రెండోది, ఎంత కష్టం వచ్చినా పెదవి విప్పకపోవడం. మొదటిదాన్ని అందరూ మెచ్చుకుంటారు. రెండోది జబ్బు. దాన్ని నేను చాలాకాలం పౌరుషం అనుకున్నాను. ఈమధ్య నాకు ఒంట్లో బాగాలేక, మా ఆయన పనిమీద ఊళ్ళో లేక, నాలుగు రోజులు పడుతూ లేస్తూ ఇల్లూ స్కూలూ ఈడ్చాను. అమ్మ ఫోను చేస్తే బాగానే ఉన్నానన్నాను. ఫోను పెట్టేసి అలాగే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. కాసేపటికి మళ్ళీ నేనే చేశాను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అమ్మను నేను ఏదీ అడిగి ఎరగను.

"అమ్మా, ఒంట్లో బాగాలేదే. రెండ్రోజులు వచ్చి ఉంటావా?"

"అంతే కదేటి," అంది అమ్మ. "వత్తన్నాను."

అంతే. అత్తకు కూడా అంతే అయ్యుండేది.