వంతెన దాటింది నేను కాదు

ఆ మెయిల్ వచ్చిన సోమవారం నుంచి నేను కుదురుగా కూర్చున్నది లేదు. పోపులడబ్బా రెండుసార్లు కడిగాను. మా ఇంటికి దగ్గర్లో ఉన్న పాయింట్ కుక్ సముద్రపుటొడ్డు దాకా కారులో వెళ్ళి, అక్కడ నిలబడబుద్ధి కాక వెంటనే తిరిగొచ్చాను.

"కాలుగాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు? రిటైరయ్యావ్, రిలాక్స్ అవ్వు" అన్నారు మా ఆయన.

మెయిల్ పంపినావిడ ఇంగ్లండుకీ వేల్స్‌కీ సరిహద్దున ఉన్న ఒక చిన్న ఊరి చరిత్ర రాస్తోంది. ఆస్ట్రేలియా రాకముందు ఏడేళ్ళు నేను ఆ ఊరి డాక్టర్ని. పుస్తకంలో నా గురించి ఒక పేజీ ఉందట. శుక్రవారం అచ్చుకి వెళ్తుంది, తప్పులేమైనా ఉంటే ఈలోపు చెప్పమని అడిగింది.

నా పేజీ ఒక్కటీ చదివి ఊరుకోలేక ఆవిడ పంపిన పుస్తకమంతా చదివాను. నది మీద రాతి వంతెన, ఇవతల ఇంగ్లండు, అవతల వేల్స్. ఒకప్పుడు ఆదివారాలు వేల్స్ వైపు పబ్బులు మూసేసేవారట. మగవాళ్ళు వంతెన దాటి ఇవతలికి తాగడానికి వస్తుంటే, ఎవరెవరు వెళ్తున్నారో చూడటానికి పాస్టరుగారు దారిలో కాపు కాసేవారట. గొర్రెల సంత, ఎత్తేసిన రైలు మార్గం, ఒక్క గోడే మిగిలిన కోట, ఏ కాలంలోనో ఒక రాజు కొండల మీదుగా వేయించిన మట్టికట్ట. ఆ కట్ట ఎవరిని ఆపడానికన్న వాదన నేనున్నప్పుడూ తేలలేదు, పుస్తకంలోనూ తేలలేదు. అక్కడ మనిషిని పొలం పేరుతో పిలుస్తారు. ఇంటిపేర్లతో పెరిగినదాన్ని కాబట్టి నాకది ఇట్టే పట్టుబడింది. ఎవరి పొలం ఎక్కడో నెల తిరగకుండా చెప్పగలిగాను, ఇప్పటికీ చెప్పగలను.

ఆ తర్వాత నా పేజీ. నది పొంగి వంతెన అవతల రోడ్డు మునిగింది. అటువైపు పొలంలో ఒక ముసలి రైతుకి షుగర్ పడిపోయి స్పృహ తప్పింది. కొత్తగా వచ్చిన ఇండియన్ డాక్టరమ్మ ట్రాక్టరెక్కి వరద నీళ్ళలో అవతలికి వెళ్ళి ఆయన్ని బతికించింది. పేజీలో ఉన్నది ఇంతే.

పక్కనే కూర్చున్న మనవరాలు నాకంటే ముందే చదివేసింది. "అమ్మమ్మా, యూ ఆర్ ఎ లెజెండ్! కెన్ ఐ టేక్ దిస్ టు స్కూల్?"

"చూద్దాంలే" అన్నాను. అలా అన్నందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆ రోజు వంతెన దగ్గర ముగ్గురమే ఉన్నాం. ట్రాక్టరు తెచ్చిన పక్క పొలం ఆయన, మా క్లినిక్ నర్సు, నేను. మందుల బ్యాగు నా చేతిలోనే ఉంది. ట్రాక్టరు మెట్టు మీద ఒక కాలు పెట్టాను కూడా. రోడ్డుండాల్సిన చోట ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. కాలు దించేశాను. చిన్నప్పుడు కృష్ణ కాలవలో మునగబోయాను కాబట్టి నీళ్ళంటే భయమని తర్వాత చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది ఉత్త సాకు. నర్సుకి ఈత రాదు. ఆవిడ నా చేతిలోంచి బ్యాగు తీసుకుని ఎక్కింది. నేను ఏడుస్తూ క్లినిక్‌కి నడిచొచ్చాను.

మర్నాడు మాంసం కొట్టతను కౌంటరు దాటొచ్చి నాతో చెయ్యి కలిపాడు. రైతు భార్య గుడ్లు పంపింది. దాటింది డాక్టరమ్మేనని నర్సు ఊళ్ళో చెప్పిందట. ఎందుకలా చెప్పారని అడిగితే, "టీ చల్లారిపోతోంది, తాగండి" అంది. తాగాను. ఏడేళ్ళూ నోరు విప్పలేదు. ఇప్పుడా నర్సు లేదు, పోయి నాలుగేళ్ళయింది. పుస్తకంలో ఆవిడ పేరు ఒక్క చోటా లేదు.

బుధవారం మా ఆయనకి చెప్పేశాను. "ఇప్పుడెవరడిగారే నిన్ను? పిల్ల ముందు చులకనవుతావ్, లీవ్ ఇట్" అన్నారు. ఆ మాటే నాకు బాగా తగిలింది. గురువారం పొద్దున స్కూలుకి తయారవుతున్న మనవరాల్ని కూర్చోబెట్టి చెప్పాను. అది షూ లేసులు కట్టుకోవడం ఆపి, "సో యూ జస్ట్ వెంట్ హోమ్?" అంది. అవునన్నాను. ఇంకేమీ అడగకుండా బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. ఏదైనా అని ఉంటే బాగుండేది. అప్పుడు కూర్చుని మెయిల్ రాశాను. దాటింది నర్సు, నేను కాదు, నా పేరు తీసి ఆవిడ పేరు వేయండని.

గంటలు లెక్కపెట్టుకుంటూ ఇల్లంతా తిరిగాను. సాయంత్రానికి జవాబొచ్చింది.

"నాకు తెలుసు డాక్టర్. ఆ రైతు మా నాన్నే. పెళ్ళయ్యాక పేరు మారింది కాబట్టి మీరు పోల్చుకుని ఉండరు. నాన్నకి సూది వేసింది నర్సేనని ఆ రోజు అక్కడే ఉండి చూశాను. మీకు ముందు వచ్చిన ముగ్గురు డాక్టర్లు మా ఊళ్ళో నిలవలేదు. మీరు ఏడుస్తూ వెనక్కి వెళ్ళారని, ఇక మీరూ ఉండరని నర్సు అమ్మతో అంది. దాటింది డాక్టరమ్మేనని చెబుదాం, ఊరు ఆవిణ్ణి దగ్గరకి తీసుకుంటే ఉండిపోతుంది అని మా వంటింట్లోనే ఇద్దరూ అనుకున్నారు, ట్రాక్టరు తెచ్చినాయనా సరేనన్నాడు. అమ్మ పోయేదాకా ఆ మాట మీదే ఉంది, అందుకే నేనూ అలాగే రాశాను. మీరు అడిగారు కాబట్టి నర్సు పేరు వేస్తాను."

"ఏమంటోంది?" అన్నారు మా ఆయన.

"పేరు మారుస్తారట."

"హమ్మయ్య. ఇకనైనా కూర్చో."

కూర్చోలేకపోయాను. మేం ఆ ఊరు వదిలిన రోజు నర్సే వచ్చి మా పెట్టెలు కారులో సర్దింది. ఎందుకు వెళ్తున్నారని అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర పెద్ద కారణం కూడా లేదు. ఇక్కడ ఎండ బాగా కాస్తుందని విన్నాం, అంతే.