బొట్టు పెట్టిన హార్డ్ డ్రైవ్

కంప్యూటర్ నుంచి ఊడదీసిన హార్డ్ డ్రైవ్ అరచేతికి గోరువెచ్చగా తగిలితే నాకు ఇప్పటికీ స్థిమితం ఉండదు. ఈ ఉదయం లెక్కల ఫైళ్ళ బ్యాకప్ అయిపోయిందని తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది. మరొకరైతే హాయిగా కాఫీకి లేచేవారు. నేను లేవలేకపోయాను. ఇది సుభద్ర గారు నాకు అంటించిపోయిన జబ్బు. అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఒక ఇండియన్ గ్రోసరీ పైన, రెండు గదుల్లో, చిన్న వ్యాపారాలకు లెక్కలు రాసిపెట్టే ఆఫీసు ఆవిడది. వర్క్ పర్మిట్ చేతికొచ్చినా ఎవరూ పిలవక ఇంట్లో గోళ్ళు కొరుక్కుంటున్న నన్ను పిలిచి కుర్చీ చూపించారు.

మొదటి శుక్రవారమే బ్యాకప్ డ్రైవ్ నా చేతిలో పెట్టి, "వేడిగా ఉందా?" అన్నారు.

"ఉందండీ."

"అంటే పని చేసింది. సరిగ్గా చేసిందని నీకెవరు చెప్పారు? తెరిచి చూడమ్మా."

పాత లాప్‌టాప్‌లో ఆ కాపీ తెరిచి, ఎవరో ఒక క్లయింట్ బ్యాంకు నిల్వ నేను పైకి చదవాలి. అసలు ఫైలుతో అది కలవాలి. ఇంటికి బయల్దేరే వేళకి ఈ తతంగం మొదలయ్యేది. నాకు ఒళ్ళు మండేది. ఆవిడ పట్టించుకునేవారు కాదు. ఇలాంటి డ్రైవులు రెండు. ఒకటి ఆఫీసులో రోజూ బ్యాకప్ తీసేది, రెండోది ఆవిడ ఇంట్లో దేవుడి గదిలో. ప్రతి శుక్రవారం రెండూ చోట్లు మారేవి. "దేవుడి దగ్గర పెట్టారు, ఎంత భక్తండీ" అన్నానొకసారి. "భక్తీ లేదు, పాడూ లేదు. మా మనవలు చెయ్యి పెట్టని చోటు అదొక్కటే" అన్నారు.

ఒక ఏడాది దసరాకి ఆవిడ ఇంట్లోని డ్రైవ్‌కి కూడా ఆయుధ పూజ చేశారు. కుంకుమ బొట్టు పెట్టిన వస్తువును ఆ రోజు కదపకూడదని అలాగే ఉంచేశారు. ఆ వెంటనే మోకాలి ఆపరేషన్ వచ్చింది. శుక్రవారం పని నేను చూసుకుంటానంటే, "నేనొచ్చాక చూద్దాంలే" అన్నారు. ఆ ఒక్క పనీ ఇంకొకరి చేతిలో పెట్టడానికి ఆవిడకి మనసొప్పదు. దాంతో డ్రైవులు చోట్లు మారలేదు, కాపీలు తెరిచి చూడడమూ ఆగిపోయింది.

ఆవిడ ఆఫీసుకు తిరిగొచ్చిన వారమే, నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు, మా క్లయింట్ పద్మజ ఫైలు తెరుచుకోలేదు. పద్మజ, ఆమె భర్త క్యాటరింగ్ కిచెన్ నడిపేవారు. భర్తకి గుండె ఆపరేషన్ అయింది, పొయ్యిల వేడి ముందు ఇక నిలబడకూడదన్నారు డాక్టర్లు. కిచెన్‌కి బేరం కుదిరింది. కొనేవాడు సోమవారం వచ్చి లెక్కలు చూస్తానన్నాడు. ఆ లెక్కలన్నీ ఈ ఫైలులోనే ఉన్నాయి.

నేను కంగారుగా అదే ఫైలు మీద మళ్ళీ మళ్ళీ క్లిక్ చేస్తున్నాను. సుభద్ర గారు నా మణికట్టు పట్టుకుని ఆపారు. "పాడైనదాన్ని ముట్టుకోకు. కాపీ తీసి, దాని మీద ప్రయత్నించు." రిపేరు చేస్తే ఆ కాపీ తెరుచుకుంది, కానీ పద్దులు సగం లేవు. ఆఫీసు డ్రైవ్‌లో చూస్తే, ఫైలు ఎప్పుడు దెబ్బతిందో గాని, బ్యాకప్‌లన్నీ ఆ దెబ్బతిన్న ఫైలుకే నమ్మకంగా తీసిన కాపీలు. ఆవిడ ఫోన్ అందుకున్నారు.

"ఇప్పుడే ఎందుకండీ? ఇంట్లో డ్రైవ్ కూడా చూశాక చెబుదాం" అన్నాను.

"అప్పటిదాకా అది పద్మజకి తెలియని పద్మజ కష్టం. అలా ఉండకూడదు."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి సంగతి చెప్పారు. పద్మజ, "అక్కా, ఏం జెప్తున్నరు మీరు? మా ఆయన మల్ల గా పొయ్యిల కాడ నిలబడాల్నా?" అంది.

"నిలబడనివ్వను. తప్పు నాది. నీ దగ్గరున్న బిల్లులన్నీ పట్టుకుని వచ్చెయ్."

ఆవిడ ఇంటి నుంచి బొట్టుతో వచ్చిన డ్రైవ్‌లో దసరా ముందరి ఫైలు చక్కగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. "దేవుడే కాపాడాడండీ" అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. "వారం వారం తెరిచి చూసుంటే పాడైన రోజునే పట్టుకునేదాన్ని. నా మొండితనం ఈసారికి కలిసొచ్చింది, అంతే. ఇంకోసారి కలిసొస్తుందని కూర్చుంటావా?" వారాంతమంతా ముగ్గురం కూర్చుని దసరా తర్వాతి పద్దులు బిల్లులు చూసి మళ్ళీ ఎక్కించాం. మేం ఎక్కించిన ప్రతి పద్దునీ పద్మజ తనే మళ్ళీ బిల్లుతో సరిచూసుకుంది.

సోమవారం లెక్కలు చూపించారు, కిచెన్ అమ్ముడుపోయింది. అయినా పద్మజ మనసు విరిగిపోయింది. ఆ ఏడాది టాక్స్ పని వేరే ఆఫీసుకి ఇచ్చేసింది. సుభద్ర గారు కుంటుకుంటూనే ఆ ఆఫీసుకి వెళ్ళారు, నన్నూ తీసుకెళ్ళారు. వాళ్ళ కంప్యూటర్‌లో పద్మజ ఫైలు తెరిపించి, బ్యాంకు నిల్వ పైకి చదివించుకుని గాని లేవలేదు. తిరిగొస్తూ కారులో నేను ఉడికిపోయాను. "మనల్ని వదిలేసి వెళ్ళిందావిడ. మనకింత అవసరమా అండీ?" ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "కుడి లేన్‌లోకి మారు, మన ఎగ్జిట్ వస్తోంది" అన్నారు.

సుభద్ర గారు పోయినప్పుడు, ఆఖరి చూపులకి ఉంచిన ఫ్యూనరల్ హోమ్‌లో పద్మజ వచ్చి నా పక్కన నిలబడింది. "నేను బోయినంక సుత అక్క ఫోన్ జేస్తుండె. బాగున్నవా అని గాదు. లెక్కలు దెరుసుకుంటున్నయా పద్మజా, అని అడుగుతుండె" అంది. ఇన్నేళ్ళూ ఆవిడ పక్క కుర్చీలోనే కూర్చుని పనిచేశాను, ఆ ఫోన్ల సంగతి నాకు తెలియనే తెలియదు. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఇక ఆగలేదు.

ఆఫీసు ఇప్పుడు నాది. వదిలేసి వెళ్ళిన క్లయింట్ల మీద కోపం నాకు ఈనాటికీ పోలేదు. అయినా అప్పుడప్పుడు వాళ్ళకి ఫోన్ చేసి అదే మాట అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. ఇంకొందరు, ఉండండి చూసి చెబుతాం అంటారు. వాళ్ళు చూసి వచ్చేదాకా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాను.