పది నిమిషాలు ముందున్న విమానం

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి కాస్త మొహమాటంగానే ఉంది. అవి మరీ అంత పాత రోజులేం కావు. చేతిలో స్మార్ట్‌ఫోను, దాని ఛార్జింగు ఎక్కడ అయిపోతుందోనన్న బెంగ, రెండూ అప్పటికే మనిషికి వచ్చేశాయి. కాకపోతే నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. గురజాల దాటి చేసిన మొదటి ఉద్యోగం అదే, విమానాన్ని చేత్తో తాకడమూ అక్కడే మొదలు. అందుకని నా లెక్కలో అవి 'ఆ రోజులే'. వయసులో చేసిన వెధవ పనుల్ని తర్వాత నవ్వుతూ చెప్పుకోవడం మనకు అలవాటు. దీన్నీ నేను నవ్వుతూనే మొదలుపెడతాను గానీ, మధ్యలో ఒకచోటికి వచ్చేసరికి ఎప్పుడూ నవ్వు ఆగిపోతుంది.

మాచర్లకి అవతల, కృష్ణ మీది డ్యామ్‌కి దగ్గర్లో, ఒక చిన్న రన్‌వే పక్కన, విమానం నడపడం నేర్పే బడి ఉండేది. నాలుగే నాలుగు విమానాలు. ఒక్కోదాంట్లో రెండు సీట్లు, ముందు ఒక పంకా. మా నాన్న గురజాల బస్టాండులో కనపడినవాడికల్లా "మావాడు విమానాల ఇంజనీరు" అని చెప్పేవాడు. (నేను చేసేది టైర్లకి గాలి పట్టడం, రెక్కలు తుడవడం, అడిగిన పానా అందివ్వడం.) అసలు ఇంజనీరు మా పెద్దసారు. నరసరావుపేటలో మూడు తరాలుగా లారీల డైనమోలు, బ్యాటరీలు బాగుచేసిన ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లోంచి మొదటిసారి విమానం దాకా వచ్చిన మనిషి. ఒక స్క్రూ కింద పడితే అది దొరికేదాకా ఎవర్నీ భోజనానికి పోనిచ్చేవారు కాదు. దొరికాక దాన్ని కళ్ళకద్దుకున్నంత పని చేసేవారు. ఆయన చూస్తుండగా తుమ్మాలన్నా నాకు భయంగా ఉండేది.

నాలుగు విమానాల్లో ఒకదానికి గడియారం పోయింది. కీ ఇచ్చే పాతకాలపు గడియారం. ఎప్పుడో నాలుగూ పదికి ఆగిపోయి, ఎన్ని కీలిచ్చినా అక్కణ్ణించి కదలనని కూర్చుంది. దాని బదులు కొత్తది వచ్చింది. అదే బెజ్జంలో సరిపోయే గుండ్రటి డిజిటల్ గడియారం, పైన అంకెలు, కింద ఫోన్లు పెట్టుకోవడానికి రెండు యూఎస్‌బీ ఛార్జింగు రంధ్రాలు. విద్యార్థులు గడియారాన్ని ఒకసారి చూసి, ఆ రంధ్రాల్ని పదిసార్లు చూశారు. "లారీలో అయితే మా అన్న అరగంటలో బిగించి టీకి పోయేవాడు" అన్నారు పెద్దసారు. విమానంలో మాకు రెండు రోజులు పట్టింది. ముందు అనుమతి కాగితం, తర్వాత ప్యానెల్ విప్పడం, విడిగా ఒక ఫ్యూజు, తీగెలు ఎక్కడా రాసుకోకుండా కట్టడం, పాతదాని బరువెంత, కొత్తదాని బరువెంత, అన్నీ పుస్తకంలో ఎక్కించడం. చివరి నాలుగు స్క్రూలు బిగించే భాగ్యం నాకు దక్కింది. "టైము గూడా నువ్వే పెట్టరా" అన్నారాయన. విమానం గడియారంలో మన టైము ఉండదు. లోకంలో విమానాలన్నిటికీ కలిపి ఒకటే టైము, అది మనకంటే ఐదున్నర గంటలు వెనక. నేను వేళ్ళు మడిచి లెక్క కట్టి పెట్టాను. ఆయన తన వాచీతో సరిచూసి, సంతకం పెట్టి ఇంటికి వెళ్ళారు.

అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. ఇక్కడ మా మధ్యాహ్న భోజనం సంగతి చెప్పాలి. విద్యార్థులు ఇచ్చిన టైముకి విమానం తిరిగి తెచ్చేవారు కాదు. "ఇంకొక్క రౌండు" అని మళ్ళీ పైకి లేచేవారు. ఆఖరి విమానం (ఎక్కువ రోజులు ఈ గడియారం విమానమే) దిగి, దాన్ని తాళ్ళతో కట్టేదాకా మేం కదలకూడదు. మేం వెళ్ళేసరికి క్యాంటీన్ అక్క గిన్నెలు కడుగుతూ, అడుగంటిన అన్నంలో మజ్జిగ పోసి పెట్టేది. మూడు నెలలు ఆ మజ్జిగ తాగినవాడికి ఆ సాయంత్రం కొత్త గడియారం ముందు కూర్చుంటే ఒక ఆలోచన వచ్చింది. మా ఇంట్లో గోడ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుంటుంది. మా పక్కింట్లో ఐదు, ఎదురింట్లో పదిహేను. బస్సు తప్పిపోకుండా ఎవరి భయానికి తగ్గట్టు వాళ్ళు పెట్టుకుంటారు. గడియారం ముందుకు పెట్టడమంటే మా దృష్టిలో మోసం కాదు, అది ఇంటి బాగు కోరి చేసే పని. అదే బాగు కోరి, ఎవరూ లేకుండా చూసి, బటన్ నొక్కి నిమిషాల్ని పది ముందుకు జరిపాను. రేపట్నించి విమానం పది నిమిషాలు ముందే దిగుతుంది, మాకు వేడివేడి పప్పన్నం అనుకుంటూ ఈల వేసుకుంటూ దిగాను.

ఒక్కటి మర్చిపోయాను. మా ఇంట్లో ఆ పది తీసేసుకునే అందరూ టైము చదువుతారు. విమానంలో తీసేసుకోవాలని ఎవరికి తెలుసు?

మర్నాడు పొద్దున ఆ విమానం మొదట ఎక్కింది పైలటమ్మ. క్యాంటీన్ అక్క పెట్టిన పేరది. సత్తెనపల్లి అమ్మాయి, మాచర్లలో పిన్నిగారింట్లో ఉండి రోజూ బస్సులో వచ్చేది. పక్కన నడపడం నేర్పే కెప్టెన్ గారు లేకుండా, ఒక్కతే, దూరం వెళ్ళి రావడం ఆమెకి ఆ రోజే మొదలట. నాకు తెలియదు. నేను మామూలు రౌండ్లే అనుకుని పెట్రోలు పట్టాను. బస్సు ఆలస్యమవడంతో ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది. కొత్త గడియారం ఉందిగా అని చేతి వాచీ తీసి సంచిలో పడేసి, ఫోను ఛార్జింగుకి పెట్టుకుని, నాకు చెయ్యి ఊపి మరీ వెళ్ళింది.

ఆమె వెళ్ళాల్సిన దారి ఇది. లేచిన పదిహేడో నిమిషానికి దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీల చిమ్నీలు, అక్కడ కుడికి తిరిగితే నరసరావుపేట దగ్గరి కొండ, ఆ కొండ చుట్టి వెనక్కి. లేచిన టైమేదో రేడియో గదిలోంచి చెబితే, తొడ మీద కట్టుకున్న కాగితం మీద రాసుకుంది. ఆ తర్వాత చూసుకున్నది మాత్రం నా గడియారం. అది పది ముందుంది కాబట్టి, ఏడో నిమిషానికే పదిహేడయిందని చూపించింది. ఏడో నిమిషానికి కింద ఉన్నది మాచర్ల. అక్కడా ఒక చిమ్నీ ఉంది, ఊరు మాత్రం పొద్దుటి మంచులో మునిగి ఉంది. చిమ్నీ కనపడింది, టైము సరిపోయింది. ఆమె తిరిగింది.

ఇంకాసేపటికి రేడియో గది కిటికీలోంచి ఆమె గొంతు వినపడింది. "సార్, కింద పొలాలు రావాలి. అన్నీ కొండలే ఉన్నాయి. నేనెక్కడున్నానో నాకు తెలియట్లేదు సార్." కెప్టెన్ గారు ఎప్పుడూ నవ్వని మనిషి. ఎవరిమీదైనా విసుక్కోకుండా ఒక పూట గడిపినట్టు నాకు గుర్తులేదు. ఆయన గొంతు ఒక్కసారిగా మెత్తబడిపోయింది. "ఏం కాదు తల్లీ. పెట్రోలు ఉంది గదా. ఉత్తరానికి తిప్పు. కృష్ణ కనపడేదాకా రా. కనపడినాక ఎడమకి తిరిగి ఏటెంబడే వచ్చెయ్, డ్యామ్ కనపడుద్ది." ఆమె అంది: "చిమ్నీల దగ్గర టైముకే తిరిగాను సార్. కొత్త గడియారం చూసుకునే తిరిగాను." పెట్రోలు డబ్బా పట్టుకుని కిటికీ కింద నిలబడ్డ నాకు అప్పుడర్థమైంది. వెల్దుర్తి అవతల ఆ కొండల మీద ఒంటరిగా తిరుగుతున్న పిల్లకీ, నా పప్పన్నానికీ ఉన్న సంబంధం ఈ భూమ్మీద నా ఒక్కడికే తెలుసు. మా ఇంటి దేవుళ్ళకీ, పక్కింటి దేవుళ్ళకీ, పెద్దసారు నమాజు చేసే దేవుడికీ కూడా మొక్కాను.

ఆమె వచ్చింది. డ్యామ్ మీదుగా ఒక చుక్కలా మొదలై, పెద్దదై, రన్‌వే మీద చక్కగా దిగింది. దిగీ దిగగానే కెప్టెన్ గారి గొంతు మళ్ళీ పాతదైపోయింది. ఆమెని గదిలోకి పిలిచారు. నన్ను విమానం కట్టెయ్యమన్నారు.

నవ్వు ఆగిపోయే చోటు ఇదే. నేను తాళ్ళు కట్టలేదు. సీట్లోకి ఎక్కి కూర్చున్నాను. ఆమె ఫోను ఇంకా ఛార్జింగులోనే ఉంది. గడియారం తప్పు టైమును ఎంతో నిబ్బరంగా చూపిస్తోంది. బటన్ నొక్కి ఆ పది నిమిషాలూ తీసేశాను. డిజిటల్ గడియారానికి ముళ్ళుండవు, గీతలుండవు, చేసిన పని ఆనవాలు మిగలదు. ఇక ఎవరికీ తెలియదు అనుకోగానే ప్రాణం హాయిగా అనిపించింది. ఆ హాయిని తలుచుకుంటే ఈనాటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

పది నిమిషాల్లో కెప్టెన్ గారు, ఆమె, పెద్దసారు ముగ్గురూ విమానం దగ్గరికి వచ్చారు. కెప్టెన్ గారు తొంగిచూశారు. గడియారం సెకనుతో సహా సరిగ్గా ఉంది. ఆమె కూడా చూసింది. చూసి, తన కళ్ళనే నమ్మలేనట్టు మళ్ళీ వంగి చూసింది. "ఒట్టు సార్, ఇది ముందుంది. పదిహేడయిందని చూపించింది" అంది. ఆయన చాలా నెమ్మదిగా అన్నారు: "టైము తప్పు చూసుకోవడం పొరపాటు. దాన్ని క్షమిస్తాను. వస్తువు మీదకి నెట్టడం అబద్ధం. అబద్ధమాడే మనిషికి నేను విమానం ఇవ్వను. రేపట్నించి నువ్వు రానక్కర్లేదు." ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. తన మీద తనకే అనుమానం వచ్చిన మొహంతో నిలబడింది.

"నేనే సార్" అన్నాను. మొత్తం చెప్పాను. మజ్జిగతో, మా ఇంటి గోడ గడియారంతో సహా. కెప్టెన్ గారు నన్నూ, ఆమెనీ మార్చి మార్చి చూసి, "ఎన్నాళ్ళ నించి నడుస్తుంది ఇది?" అన్నారు. నేను ఆమె కోసం తప్పు నెత్తిన వేసుకుంటున్నానని ఆయన అనుకున్నారు! ఆ అమ్మాయి నావైపు చూసిన చూపుకి నేను అక్కడే బూడిద కాకపోవడం విచిత్రం. రుజువు చూపిద్దామంటే, దాన్ని నా చేత్తో నేనే చెరిపేశాను. నిజం చెబుతున్నానని ఎన్ని ఒట్లు పెట్టుకుంటే, అంత అబద్ధంలా వినపడుతోంది.

పెద్దసారు ముందుకొచ్చి, "మీ అమ్మ నంబరు కలపరా" అన్నారు. కలిపాను. అందరికీ వినపడేలా పెట్టించారు.

"అమ్మా, నేను మీవాడి సారుని."

"ఏందయ్యా, మావాడికేమన్నా అయ్యిందా?"

"ఏం కాలా. ఎదురుగానే ఉండాడు. మీ ఇంట్లో గోడ గడియారం ఇప్పుడెంత చూపిస్తుందో కాస్త చెప్పు తల్లీ."

చేతిలో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినపడింది. "పదకొండుంబావు నాయనా."

ముగ్గురూ తమ తమ వాచీలూ ఫోన్లూ చూసుకున్నారు. పదకొండూ ఐదు.

"అది సరైన టైమేనా అమ్మా?"

"సరైంది కావాలంటే పది తీసెయ్యి. మేం పెట్టుకునేదే అట్టా. లేకపోతే ఈ ఇంట్లో ఒక్కళ్ళు గూడా బస్సందుకోరు. మావాడైతే మరీను, వాడి కోసం ఇరవై పెడదామన్నా వాళ్ళ నాన్న ఒప్పుకోలా. అవునూ, మా ఇంట్లో టైముతో మీకేం పనయ్యా?"

"చానా పనికొచ్చిందమ్మా" అని పెద్దసారు ఫోను పెట్టేశారు. కెప్టెన్ గారు పైలటమ్మ వైపు తిరిగి, "నన్ను క్షమించమ్మా" అన్నారు. ఆయన నోటినుంచి ఆ మాట మేమెవ్వరం అంతకుముందు విననూ లేదు, ఆ తర్వాతా వినలేదు.

జరిగింది పైవాళ్ళకి రాసి పంపాలి. 'కారణం' అన్నచోట ఏం రాయాలో తెలియక చాలాసేపు కూర్చుని, చివరికి 'ఇంటి అలవాటు' అని రాశాను. నన్ను ఆరు నెలలు విమానం ముట్టుకోనివ్వకుండా హ్యాంగరు ఊడవమన్నారు. పెద్దసారు నా కాగితం కింద తన మీద కూడా ఒకటి రాసుకున్నారు, సంతకం తనది కాబట్టి. నేను వద్దన్నాను. ఆయన చీపురు నా చేతికిస్తూ, "ఒరేయ్, ముందుకి పెట్టినందుకు నువ్వు పిచ్చోడివి. దానికి ఊడిస్తే చాలు. వెనక్కి పెట్టావు చూడు, అప్పుడు దొంగవి. దానికి ఏం చెయ్యాల్నో నాకూ తెలవదు" అన్నారు.

పైలటమ్మ నాతో ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. కానీ వారం తర్వాత అదే దారిలో మళ్ళీ ఒంటరిగా వెళ్ళేముందు, ఊడుస్తున్న నా దగ్గరికి వచ్చి, "టైమెంతన్నా?" అంది. ఐదున్నర గంటలు తీసేసి చెప్పాను. తన వాచీ చూసుకుని, తలూపి, వెళ్ళి ఎక్కింది. అప్పట్నించి ఎక్కే ప్రతిసారీ అంతే. వచ్చి అడిగేది, నేను చెప్పేవాణ్ణి, వాచీతో సరిచూసుకుని వెళ్ళేది. అది ఆటపట్టించడమో, శిక్షో నాకు తెలిసేది కాదు. అడిగే ధైర్యమూ లేదు. నాకు మాత్రం ప్రతిసారీ పరీక్ష రాసినట్టే ఉండేది.

చదువు పూర్తయి వెళ్ళిపోయే ముందు ఆమె ఆఖరిసారి ఆ విమానం ఎక్కిన రోజున కూడా వచ్చి అడిగింది. "మూడూ నలభై రెండు" అన్నాను. "సరే అన్నా" అని, చేతి వంక చూసుకోకుండానే వెళ్ళి ఎక్కేసింది.

చీపురు పట్టుకుని ఆ రోజు అక్కడ నిలబడిపోయిన కుర్రవాణ్ణి తలుచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది. విమానం లేచి మబ్బుల్లో కలిసేదాకా వాడు తన వాచీని పదే పదే చూసుకుంటూ, చెప్పింది సరైన టైమేనా అని వేళ్ళు మడిచి మళ్ళీ లెక్క కట్టుకుంటూ నిలబడ్డాడు.