బిడ్డ ఓటమికి నేను అందుకున్న చప్పట్లు

సూర్యాపేటలో ఒక ప్రభుత్వ పాఠశాలలో నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. సెలవు రోజుల్లో ఇటు కోదాడ నుంచి అటు మిర్యాలగూడ దాకా ఎక్కడ కబడ్డీ పోటీలు జరిగినా రెఫరీగా నన్ను పిలుస్తారు. ఎవరి మొహం చూసీ పాయింటు ఇవ్వడని నాకు పేరు. ఆ పేరంటే నాకు ప్రాణం. దాన్ని కాపాడుకోవడానికి ఎంత దూరం పోగలనో మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

నా కూతురు కూడా కబడ్డీ ఆడుతుంది. కూతకు వెళ్ళడం ఆమె పని. అంటే ఊపిరి బిగబట్టి ఒక్కతే అవతలి జట్టు గడిలోకి దూరి, ఎవరినో ఒకరిని తాకి, దొరకకుండా గీత దాటి తిరిగి రావాలి. ఒక ఏడు రాష్ట్రస్థాయి పోటీల్లో మా జిల్లా జట్టు ఓడిపోయే దశలో, గడిలో ఇద్దరే మిగిలినప్పుడు, వరుసగా కూతకు వెళ్ళి జట్టునంతా తిరిగి నిలబెట్టింది. నేను ప్రేక్షకుల్లో ఉన్నాను. ఇన్నేళ్ళుగా ఎంతమంది ఆట చూసినా, అంత ధైర్యమైన ఆట చూసిన గుర్తు లేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. "కుడికాలు ఇంకా జర తొందరగ గుంజుకోవాలె బిడ్డా" అని మాత్రం అన్నాను.

మా వైపు ఒక కేబుల్ ఛానల్ వాళ్ళు ప్రతి ఏటా ఆ సంవత్సరపు మేటి క్రీడాకారుడినో క్రీడాకారిణినో జనం ఓట్లతో ఎన్నుకుంటారు. ఈ మూడు పట్టణాల వాళ్ళూ ఫోన్లో ఓటేస్తారు. ఆ ఏడు చివరికి ఇద్దరే మిగిలారు. ఒకరు నా కూతురు. రెండో అమ్మాయిది నిడమనూరు దగ్గరి పల్లె, గొర్రెలు పెంచే కుటుంబం. మిర్యాలగూడలో డిగ్రీ చదువుతూ దూరపు పరుగు పందాల్లో పాల్గొనేది. అంతకు ముందు రెండేళ్ళు బాగా పరుగెత్తింది. ఆ ఏడు మోకాలి నొప్పితో వెనకబడింది.

మా పాఠశాల ఎదుటి చాయ్ హోటల్లో అప్పుడు వేరే ముచ్చటే లేదు.

"ముందు ఒకటి తేల్చున్రి భయ్. ఓటు ఆటకేస్తమా, కష్టానికేస్తమా?" అన్నాడు హోటలాయన గ్లాసులు కడుగుతూనే.

"ఆటకే. గిది ఏడాదికొక్కసారి ఇచ్చే కప్పు. ఈ ఏడాది ఎవలు మంచిగ ఆడిన్రో గాళ్ళకే," అన్నాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకుని ఇప్పుడు ఆటో నడుపుతున్న కుర్రాడు.

"నీకేం తెల్సురా! గా పిల్ల ఏ దిక్కూ లేక పల్లెటూరి నుంచి వచ్చింది. సారు బిడ్డకైతే ఇంట్లనే కోచింగాయె," అన్నాడు పక్క బల్ల మీది ముసలాయన.

"కోచింగ్ ఉంటే? కూతకు పొయ్యేది సారా, సారు బిడ్డనా? జర సారును కూతకు పంపు, సూద్దాం ఎన్కకు వస్తడో లేదో!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు మూలబల్ల మీద కూర్చున్న మా లెక్కల మాస్టారు నోరు విప్పారు. ఆయనది కోదాడ, మాట నిమ్మళంగా ఉంటుంది.

"ఎందుకండీ ఈ గొడవంతా? మాస్టారు ఒక్క విజిల్ ఊదితే మూడూళ్ళ పిల్లలూ లైన్లో నిలబడి ఓట్లేస్తారు. కప్పు ఎప్పుడో మాస్టారింటికి వెళ్ళిపోయింది. మనం ఊరికే చాయ్ ఖర్చు పెట్టుకుంటున్నాం."

ఆయన సరదాకే అన్నారు. ఆ రోజంతా నాకు పని మీద మనసు పోలేదు.

ఎందుకంత గుచ్చుకుందో చెప్పాలి. అంతకు కొన్నేళ్ళ ముందు కోదాడలో ఒక పోటీకి రెఫరీలు తక్కువైతే, నా కూతురు ఆడే ఆటకు నేనే నిలబడాల్సి వచ్చింది. "సారైతే మాకేం అభ్యంతరం లేదు" అన్నారు అవతలి జట్టు వాళ్ళు. ఆట చివర్లో ఆమె కూతకు వెళ్ళి పక్కకు వంగింది. ఎవరినీ తాకకముందే కాలు పక్క గీత తొక్కిందో లేదో నాకు సరిగా కనిపించలేదు. తొక్కలేదనే అనిపించింది. అయినా చెయ్యెత్తి ఔటిచ్చాను. జట్టు ఓడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా కూతురు ఒక్కసారి గీత వైపు, ఒక్కసారి నా వైపు చూసి బయటికి నడిచింది. "తొక్కిన్నా డాడీ?" అని ఇంటికొచ్చాక అడిగితే, "తొక్కినవ్ బిడ్డా" అన్నాను. సరేనంది. నేను చెప్పాను కాబట్టి తొక్కిందనే నమ్మింది. ఆ చప్పట్ల రుచి మరిగాను.

ఓట్లు మొదలైన రోజుల్లో ఒక పొద్దున నా కూతురు నాకు టిఫిన్ వడ్డిస్తూ అడిగింది.

"నువ్వు ఎవలకేస్తవ్ డాడీ?"

"ఓటు బయటికి చెప్పొద్దు కదా."

"ఓటు సంగతి వద్దులే. కప్పు రాకున్నా నాకేం పరేషాన్ లేదు. ఈ ఏడు నా ఆట నీకెట్లనిపించిందో చెప్పు. గంతే."

"స్కూలుకు టైమైతుంది," అని లేచాను. ఆమె కప్పు కోసం కాదు, ఆ ఒక్క మాట కోసం చూస్తున్నదని నాకు అప్పుడే తెలుసు. తెలిసే లేచాను. దారిలో బండి పక్కకు ఆపి, ఎవరూ చూడకుండా ఫోన్లో ఆమెకే ఓటేశాను. అదేదో తప్పు పని చేసినట్టు ఫోన్ గబగబా జేబులో పెట్టుకున్నాను.

చివరి వారం ఛానల్ వాళ్ళు మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాల్లో చర్చ పెట్టారు. ఇద్దరమ్మాయిల ఊళ్ళ వాళ్ళూ వచ్చారు. ఒకరు కబడ్డీ జట్టాట కదా, ఒక్కరి గొప్పేమిటన్నారు. ఇంకొకరు పరుగుకు బూట్లుంటే చాలు, కబడ్డీకి గుండె కావాలన్నారు. మాటకు మాట పెరిగి ఒకరినొకరు కూర్చోమని అరుచుకునే దాకా వచ్చింది. అప్పుడు కార్యక్రమం నడిపే అమ్మాయి మైకు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"సార్, మీరు తండ్రిగా కాదు, రెఫరీగా చెప్పండి. ఈ ఏటి కప్పుకు ఎవరు అర్హులు?"

అందరూ నా వైపు తిరిగారు. నా కూతురు ముందు వరుసలో ఉంది. ముందుకు వంగి కూర్చుంది. రెండో వరుసలో లెక్కల మాస్టారు. నేను ఆయన్నే చూశాను.

"నా బిడ్డ బాగానే ఆడింది. కానీ దానికి ఇంట్లో అన్నీ అమర్చి పెట్టాం. ఆ అమ్మాయి గొర్రెల వెనక వట్టి కాళ్ళతో పరుగెత్తి పరుగు నేర్చుకుంది. నా ఇంటి ఆట కన్నా ఆ పరుగు గొప్పది. న్యాయంగా కప్పు ఆమెది. నా ఓటు కూడా ఆమెకే," అన్నాను.

హాలు దద్దరిల్లింది. ఎవరో వచ్చి కాళ్ళకు దండం పెట్టారు. లెక్కల మాస్టారు స్టేజీ దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుని, "క్షమించండి మాస్టారూ, మిమ్మల్ని తక్కువ అంచనా వేశాం" అన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క నిజం లేదు. ఓటు సంగతి అబద్ధం. ఆట సంగతి అబద్ధం. గొర్రెల సంగతి నేను ఎవరినీ అడగనే లేదు, ఆ ఇంటి వాళ్ళు గొర్రెలు పెంచుతారని విని నాకు నేనే అల్లుకున్నాను.

తిరుగు బస్సులో నా కూతురు కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటాక అడిగింది.

"స్టేజీ మీద చెప్పింది పక్కన పెట్టు డాడీ. మనిద్దరమే ఉన్నం. నిజంగ గట్లనే అనుకుంటున్నవా?"

అప్పుడైనా చెప్పొచ్చు. చెబితే, ఇంకా చెవుల్లో మోగుతున్న చప్పట్లు దొంగవని ఒప్పుకోవాలి. "గట్లనే అనుకుంటున్న," అన్నాను.

"మరి రాష్ట్రపోటీల..."

"మంచిగనే ఆడినవ్ బిడ్డా. అందరు ఆడినట్టే ఆడినవ్."

ఆమె తలూపింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను లొంగిపోయేవాణ్ణేమో.

మేము ఇల్లు చేరేసరికే నా మాటల వీడియో అందరి ఫోన్లలో తిరుగుతోంది. నా భార్య చూసింది. "ఊర్లోళ్ళ పిల్లలందర్ని మెచ్చుకుంటవ్. నీ బిడ్డ కాడికొస్తే నోరు పడిపోతదా?" అంది. న్యాయం అంటే ఏమిటో ఆమెకు వివరించబోయాను. వినకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. కప్పు పరుగుల అమ్మాయికి వచ్చింది.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయి సూర్యాపేట వచ్చి మా పాఠశాల మైదానంలో నన్ను కలిసింది. కృతజ్ఞత చెప్పడానికి వచ్చిందనుకుని కుర్చీ తెప్పించాను. కూర్చోలేదు.

"సార్, ఒక మాట అడుగుత, కోపం తెచ్చుకోకున్రి. నేను గొర్ల ఎనక ఉరికిన్నని మీకెవలు చెప్పిన్రు?"

నేను తడబడ్డాను.

"మా గొర్లను మా మేనమామ కాస్తడు సార్. నేను ఎన్నడు పోలె. కాలేజీ గ్రౌండ్ల, కాల్వ కట్ట మీద ఉరికి నేర్చుకున్న. పోయిన రెండేండ్లల్ల ఇచ్చినా తలెత్తుకుని తీసుకునేదాన్ని. ఈ ఏడు నేను మంచిగ ఉరకలే, నాకు తెల్సు. మా కాలేజీల అందరు దాన్ని గొర్ల కప్పు అంటున్రు."

"తప్పయింది తల్లీ," అన్నాను.

"నాతోని అంటే ఏమొస్తది సార్? మీ అక్కతోని మాట్లాడినవా అని మా అమ్మ రోజూ అడుగుతది. అక్క నా ఫోన్ ఎత్తుతలేదు," అంది. అక్క అంటే నా కూతురు. వాళ్ళిద్దరూ పోటీలకు వెళ్ళినప్పుడు ఒకే గదిలో ఉండేవాళ్ళని ఆ రోజే నాకు తెలిసింది.

ఆ తరవాతి ఏడు రాష్ట్ర జట్టుకు ఎంపికలు జరిగాయి. నేను వెళ్ళి ఒక మూలన కూర్చున్నాను. నా కూతురు కూతకు వెళ్ళింది, గీత దగ్గరే అటూ ఇటూ తిరిగింది, ఎవరినీ తాకకుండా వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళి అలాగే వచ్చింది. మూడోసారి తాకి తీరాలి, లేకపోతే ఔట్. అలాంటి కూతకు ఎప్పుడూ తానే ముందుకొచ్చే పిల్ల, పక్కనున్న అమ్మాయి భుజం తట్టి "నువ్వు పో" అంది. ఎంపిక కాలేదు. కోచ్ నన్ను పక్కకు పిలిచి, "ఏమైంది సార్ బిడ్డకు? కాళ్ళల్ల అదే బలముంది, లోపలికి పోతలేదు," అన్నాడు. ఏమైందో నాకు తెలుసు. నా మాట నమ్మింది, అంతే. అందరు ఆడినట్టే ఆడే పిల్లలాగా ఆడుతోంది.

ఆ సాయంత్రం బండి మీద వస్తూ మునగాల దాటాక ఒక దాబా దగ్గర ఆపాను. రెండు చాయ్‌లు చెప్పి, ఆమె ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. ఆ ఏటి ఆట నా కళ్ళతో నేను చూసిన ఆటలన్నిట్లోకి గొప్పదని చెప్పాను. స్టేజీ మీద నన్ను చూసి జనం మెచ్చుకోవాలని అబద్ధం చెప్పానని చెప్పాను. ఓటు ఆమెకే వేశానని చెప్పాను. కోదాడలో కాలు గీత తొక్కలేదనిపించినా ఔటిచ్చానని కూడా చెప్పాను. అది చెప్పినప్పుడు మాత్రం ఆమె తలెత్తింది.

"తొక్కలేదా?"

"తొక్కలేదనే అనిపించింది బిడ్డా."

"ఆ ఏడంతా గా కాలు ఎక్కడ పెట్టాల్నో ప్రాక్టీస్ చేసిన డాడీ. తెల్లారి లేచి గీత గీసుకుని."

హైవే మీద లారీలు పోతున్నాయి. చాయ్ చల్లారిపోయింది. మళ్ళీ ఆమే మాట్లాడింది. కోపం లేదు గొంతులో. లెక్క తెగనప్పుడు అడిగినట్టు అడిగింది.

"బస్సుల కూడ గిట్లనే నా మొఖం సూసే చెప్పినవ్. ఇయ్యాల సెలెక్ట్ కాలేదు, బాధపడుతున్నదని మంచిగ ఆడిన్నంటున్నవా? నిజంగ ఆడిన్నా? నాకెట్ల తెలుస్తది డాడీ?"

"నిజమే చెప్తున్న బిడ్డా."

"సరే," అంది. కోదాడ నుంచి వచ్చిన రోజు అన్న సరే కాదు అది. గ్లాసు పక్కకు జరిపి, "పోదాం, అమ్మ ఎదురు సూస్తది," అని లేచింది.

తరవాత నేను ఛానల్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి నా మాట అబద్ధమని చెబుతానన్నాను. వాళ్ళు నవ్వి, పాత సంగతి ఇప్పుడెందుకు సార్ అన్నారు. లెక్కల మాస్టారుకు చెప్పాను. "ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది మాస్టారూ," అన్నారు. నా తప్పులో ఆయన వాటా అడగడం నాకు ఇంకా సిగ్గనిపించింది. హోటల్లో చెప్పాను. హోటలాయన నమ్మలేదు. బిడ్డ మీద ప్రేమతో ఇప్పుడు అబద్ధం చెబుతున్నానన్నాడు.

నా కూతురు ఆట మానలేదు. పరుగుల అమ్మాయితో మళ్ళీ మాట్లాడుతోంది. లోపలికి వెళ్ళి ఆడడం మెల్లమెల్లగా తిరిగి వస్తోంది. అది నా మాట వల్ల కాదు. మొన్న కోదాడలో ఆట అయిపోయాక చెమట తుడుచుకుంటూ బయటికొచ్చింది. నేను తడికె పక్కనే నిలబడి ఉన్నాను. చివరి కూత ఎంత బాగా వెళ్ళిందో నాకు తెలుసు, ఆ మాట పెదవుల దాకా వచ్చింది. ఆమె నన్ను చూసి నవ్వింది, నా చేతిలోని నీళ్ళ సీసా తీసుకుని తాగింది. తరవాత కోచ్ వైపు తిరిగి, "ఎట్ల పోయిన్న సార్ లాస్టుకు?" అని అడిగింది.