గుడ్డ తప్ప ఏదీ కోయని కత్తెర

మా ఆయన దర్జీ. వీధివైపు గది దుకాణం, వెనక గది కాపురం, మధ్యలో తెరగా ఒక గళ్ళ దుప్పటి. ఆయన కత్తిరించి కుట్టేవారు. కాజాలు, గుండీలు, అంచు మడతలు నా పని. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కొలతలు చెబితే ఆ మాటలు నాకు తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేవి కావు.

ఆయనకొక పెద్ద కత్తెర ఉండేది. బొటనవేలు దూర్చే చోట ఇనుము అరిగి నున్నబడింది. అది గుడ్డ తప్ప ఏదీ కోయకూడదు. కాగితం కోస్తే పదును చచ్చిపోతుందనేవారు. మా అమ్మాయి చిన్నప్పుడు బొమ్మ చేసుకోవడానికి దాంతో అట్టముక్క కోసింది. ఆయన కేకలేయలేదు. కత్తెర చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఆడించి, "దీని గొంతు పోయింది" అన్నారు. సాన పట్టించుకుని వచ్చేదాకా అన్నం ముట్టలేదు. ఆ తర్వాత దాని జోలికి నేను కూడా వెళ్ళలేదు. దారం తెంపాలంటే పళ్ళతోనే తెంపుకునేదాన్ని.

మనిషి సరదా మనిషి. పొట్ట పెరిగినవాడు వచ్చి చొక్కా బిగుతైందంటే, "గుడ్డ తగ్గలేదు బాబూ, నువ్వే ఎదిగావు" అనేవారు. ఆయనకు షుగరు వచ్చింది. మాత్రలు వేసుకునేవారు, గుర్తొచ్చినప్పుడు. మెల్లగా పాదాలు మొద్దుబారాయి. ఒకసారి ఎడం చెప్పు గుమ్మం దగ్గరే జారిపోతే వీధి చివరిదాకా ఒంటి చెప్పుతో నడిచి, జనం నవ్వాక తిరిగొచ్చారు. "రెండోది ఇవాళ సెలవు పెట్టింది" అన్నారు. నేనూ నవ్వాను.

మిషను సూది విరగడం దర్జీ ఇంట్లో వింత కాదు. విరిగితే అయస్కాంతంతో నేలంతా తడిమి ముక్కలు ఏరేవాళ్ళం. ఒకరోజు విరిగిన సూదిలో ఒక ముక్క దొరికింది, మొన ఉన్న ముక్క దొరకలేదు. కొన్నాళ్ళకు పెడలు మీద తడి కనిపించింది. నూనె కారిందనుకుని పాత గుడ్డతో తుడిచారు. గుడ్డ ఎర్రగా అయింది. కుడి పాదం అడుగున చిన్న రంధ్రం, చుట్టూ తెల్లగా నానిన చర్మం. ఆయనకు నొప్పి లేదు.

ఆ కాలు ఆయనకు కాలు మాత్రమే కాదు, మా అన్నం. మిషను నడిచేది దాంతోనే. అందుకే మర్నాడే ఆసుపత్రికి వెళ్ళాం. కాలు బల్ల కింద ఉంది, డాక్టరు బల్ల మీద రాస్తున్నాడు. "సూది గుచ్చుకుందేమోనండీ" అని మా ఆయన అంటుండగానే, "షుగరు అదుపులో పెట్టుకోరు, తర్వాత వచ్చి మా ప్రాణాలు తీస్తారు" అన్నాడు. తల ఎత్తలేదు. ఎక్స్‌రే ఫొటో తీయించమనలేదు. పూతమందు రాసి తర్వాతివాళ్ళని పిలిచాడు.

బయటికొచ్చి మా ఆయన అన్నారు: "కొలత తీయకుండా చొక్కా కుట్టేవాడే వీడు. మళ్ళీ ఈ గడప తొక్కను."

పక్క వీధిలో మా వదిన ఉంటుంది. ఆయనకు అక్క, చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన మనిషి. ఆవిడ మాటంటే ఆయనకు వేదం. ఆ సాయంత్రమే పసరు బాబాయిని వెంటబెట్టుకొచ్చింది. ఆ బాబాయి ఎవరికి బాబాయో నాకిప్పటికీ తెలియదు. ఇదివరకు సైకిళ్ళ కొట్టు ఉండేదట. అది పోయాక ఆకుల సంచీ భుజాన వేసుకున్నాడు. వేళ్ళ సందులు ఆకుపచ్చగా, గోళ్ళు నల్లగా, మాట మాత్రం వెన్న.

కింద కూర్చుని మా ఆయన కాలు తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

అంతే, మా ఆయన అక్కడే లొంగిపోయారు. అంత చదివినవాడు చూడని కాలును ఈయన ఒళ్ళో పెట్టుకున్నాడు మరి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆయనకు. బాబాయి సంచీలోంచి నాలుగాకులు తీసి నోట్లో వేసుకుని నమిలాడు. నమిలినంతసేపూ మా ఇంటి యోగక్షేమాలు అడుగుతూనే ఉన్నాడు. పెదాల చివర పచ్చటి నురగ. నమిలినదాన్ని అరచేతిలోకి ఉమ్మి, ఆ పుండు మీద మెత్తి, గుడ్డపేలికలు చుట్టేశాడు. లోపలికెళ్ళి మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను, తాగలేక.

"సూది ముక్క ఉందేమో బాబాయ్" అన్నారు మా ఆయన.

"ఉంటే నా పసరు లాగేస్తుందిరా. ఇనుమైనా దీని ముందు దూదే. నీళ్ళు తగలనివ్వకు. నేను కట్టింది నేనే విప్పాలి, ఇంకొకరి చెయ్యి పడితే గుణం పోతుంది. ఆ ఇంగ్లీషు మాత్రలు మానెయ్, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు."

"తీపి?" అని అడిగారు మా ఆయన, చిన్నపిల్లాడిలా.

"తేనె పువ్వులోంచి వచ్చిందేగా. తిను."

రోగి కోరిందీ అదే, వైద్యుడు చెప్పిందీ అదే. మాత్రల డబ్బా అటక ఎక్కింది, తేనె సీసా కిందికి దిగింది. ఏమివ్వమంటారని అడిగితే, "నాకేం వద్దు, ఒక చొక్కా కుట్టిపెట్టు" అని గుడ్డ ఇచ్చి వెళ్ళాడు. మా ఆయన ఆ రాత్రే కొలతలు గీసుకుని, చేతిలో ఉన్న పనులన్నీ అయ్యాక ఆ గుడ్డ కత్తిరించారు.

మొదట పచ్చి ఆకు వాసన వచ్చింది. తర్వాత బకెట్లో నానబెట్టి మరిచిపోయిన గుడ్డ వాసన. ఆ తర్వాత వచ్చిన వాసనకు నా దగ్గర మాట లేదు. ఫినాయిలు వేసి నేల ఎన్నిసార్లు తుడిచినా అది గళ్ళ దుప్పటిలో, కుట్టిపెట్టిన చొక్కాల్లో, నా జడలో కూడా ఉండేది. ఈగలు వీధి గదిలోంచి వరసగా వచ్చేవి. ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకాయన కొలత ఇస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టి, "ఊరెళ్ళే పనుంది, వచ్చాక చూద్దాం" అని గుడ్డ చంకలో పెట్టుకుపోయాడు. మా ఆయన తల దించుకుని టేపు చుట్టుకున్నారు.

బాబాయి వచ్చి వాసన చూసేవాడు. నిజంగానే ముక్కు ఆనించి, బిర్యానీ దుకాణం ముందు నిలబడ్డవాడిలా చూసేవాడు. "విషం బయటికొస్తోంది. వాసన రాకపోతే భయపడాలిగాని" అనేవాడు. విప్పమంటే విప్పడు. పాత కట్టు మీదే కొత్త పసరు పోసి ఇంకో పేలిక చుట్టేవాడు. కాలు చూస్తే మూటలా తయారైంది. దాన్నుంచి చుక్కలు చుక్కలుగా కారుతూ ఉండేది, నేను తుడుస్తూ ఉండేదాన్ని. తుడుస్తుంటే వదిన పక్కనే కూర్చుని, "నీ మొహం చూస్తేనే తెలుస్తోంది, నీకు నమ్మకం లేదు. నమ్మకం లేని ఇంట్లో మందు పనిచెయ్యదు" అనేది.

"నమ్మకానికి ఈగలెందుకొస్తాయి వదినా?" అన్నాను ఒకసారి. మా ఆయనే, "ఊరుకోవే" అన్నారు.

ఇంగ్లీషు డాక్టరు దగ్గరికి రారు కదా, పోనీ ఆయుర్వేదం డాక్టరమ్మ దగ్గరికి రమ్మన్నాను. ఆసుపత్రిలోనే మెట్ల కింద చిన్న గది ఆవిడది. ఆకుమందే కాబట్టి ఒప్పుకున్నారు. గుమ్మంలో అడుగు పెట్టగానే డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. వంగి ఆ మూట చూసింది. మోకాలి కింద వేలితో నొక్కింది. నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయింది.

"ఎవరు కట్టారు?"

"మీలాగే ఆకువైద్యం చేసే ఆయనేనమ్మా" అన్నారు మా ఆయన.

"ఇది ఆకువైద్యం కాదండీ. ఇది ఏ వైద్యమూ కాదు. కట్టు విప్పనివ్వండి."

"కట్టినాయనే విప్పాలమ్మా."

ఆవిడ చాలా బతిమాలింది. చివరికి ఆపరేషన్లు చేసే వార్డుకి చీటీ రాసి నా చేతిలో పెట్టింది. "నా దగ్గరున్న మందులు దీనికి చాలవు. ఎక్కడ చాలవో కూడా మాకు నేర్పుతారు. ఇవాళే వెళ్ళండి, ఇంటికి కాదు, నేరుగా అక్కడికే" అంది.

ఆయన నేరుగా ఇంటికొచ్చారు. "చూశావా, ఆవిడకే చేతకాలేదు. బాబాయి అయితే చాలదని ఎప్పుడైనా అన్నాడా?" అన్నారు.

అనడు. అక్కడే ఉంది అసలు రోత. చేతనైనవాళ్ళు చాలదంటారు, చేతకానివాడు ఎప్పుడూ అనడు.

జ్వరం పట్టుకుంది. మిషను దగ్గర కూర్చోలేక కత్తిరించే బల్ల మీదే పడుకున్నారు. మధ్యాహ్నానికి మాట తడబడింది, పళ్ళు టకటకమన్నాయి. వదిన తడిగుడ్డ నుదుట వేసి, "బాబాయికి కబురు పెట్టాను. రేపు పొద్దున్నే వస్తానన్నారు" అంది. నేను కాలి దగ్గర నిలబడ్డాను. మూట అంచున, పిక్క మీదికి నల్లటి గీత పాకుతోంది. పేలికలు పసరుతో అట్టగట్టాయి, ముడి వేళ్ళకు రాలేదు. వంటింటి చాకు జారిపోయింది. ఆయన తల పక్కన, గోడ మేకుకు, పెద్ద కత్తెర వేలాడుతోంది.

తీశాను.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?" అంది వదిన.

కత్తెర కింది రెక్క పేలికల కిందికి దూర్చి నొక్కాను. ఎంత బరువు ఆ కత్తెర. కరకరమంటూ తెగింది. మా ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. కాలు కదల్లేదు. చప్పుడు మాత్రం వినబడింది ఆయనకు.

"ఏం కోస్తున్నావే?"

"గుడ్డ."

"అది గుడ్డ చప్పుడు కాదే" అన్నారు. మళ్ళీ, "పదును పోతుంది" అన్నారు.

చివరి పొర ఊడి వచ్చేసరికి వదిన వీధిలోకి పరుగెత్తింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. కింద ఏముందో రాయను. పురుగులు ఉన్నాయని మాత్రం రాస్తాను. ఎందుకంటే వాసన మంచిదన్నవాళ్ళు అది కూడా వినాలి.

ఎదురు కొట్టు ఇస్త్రీ ఆయన, నేను కలిసి ఆటోలో పడుకోబెట్టుకుని తీసుకెళ్ళాం. చీటీ చూడగానే వార్డులో చేర్చుకున్నారు. ఫొటోలో సూది మొన తెల్లగా, నిటారుగా, ఎముక పక్కన కనిపించింది. అన్నాళ్ళ పసరు దాన్ని వెంట్రుకవాసైనా లాగలేదు. కాలు మోకాలి కిందికి తీసేశారు. తీసినా విషం అప్పటికే రక్తంలో కలిసిందన్నారు. మెలకువ వచ్చినప్పుడు నన్ను చూసి పెదాలు కదిపారు. వంగాను.

"కత్తెర తుడిచావా?"

"తుడిచాను" అన్నాను.

తల ఊపారు. కాలు సంగతి అడగలేదు. రెండో రోజు పోయారు.

ఇంటికి జనం వచ్చారు, కూర్చున్నారు, వెళ్ళారు. వారం తర్వాత పసరు బాబాయి వచ్చాడు. వదిన పక్కనే చాప మీద కూర్చుని నిట్టూర్చాడు.

"ఇంకొక్క రోజు ఆగి ఉంటే దక్కేవాడు. తొందరపడి విప్పారు. గుణం గాలికి పోయింది."

వదిన నా వైపు చూసి అవునన్నట్టు తల ఊపింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూడా ఊపారు. ఆసుపత్రివాళ్ళు తీసి ఇచ్చిన సూది మొనను చిన్న సీసాలో దాచాను. లోపలికెళ్ళి తెచ్చి బాబాయి ముందు పెట్టాను. ఆయన సీసా ఎత్తి వెలుతురులో చూసి, "మన చేతిలో ఏముందమ్మా" అని కింద పెట్టేశాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఆ వేళ్ళ సందుల్లో పచ్చదనం ఇంకా పోలేదు. ఇవాళ కూడా ఎక్కడో ఎవరికో మెత్తి వచ్చాడన్నమాట.

"ఆ… నా చొక్కా గుడ్డ ఉండాలి" అన్నాడు తర్వాత.

ఉంది. ముందుభాగాలు, వీపు, చేతులు, కాలరు, సుద్దగీతలు కూడా చెదరకుండా చుట్టపెట్టి ఉన్నాయి. మా ఆయన చివరగా కత్తిరించింది ఇదే. ముట్టుకోబుద్ధి కాలేదు, వదలబుద్ధీ కాలేదు. తెచ్చి ఇచ్చాను.

"ముక్కలేనా? కుట్టడం కాలేదా?"

"కాలు లేదు కదండీ" అన్నాను.

ఆయన మూట చంకలో పెట్టుకుని లేవబోతుంటే, వదిన చీర కొంచెం పైకి జరిపి మోకాలు చూపించింది. వాచి ఉంది.

"బాబాయ్, మెట్లెక్కితే ప్రాణం పోతోంది. ఏదైనా ఆకు వేసి కడతారా?"

చాప మీద కూర్చున్న ఆడవాళ్ళు ముందుకు వంగి చూశారు. బాబాయి సంచీ ముడి విప్పాడు. గోడ దగ్గరికి వెళ్ళి మేకు మీది కత్తెర తీసి, వదిన పక్కన చాప మీద పెట్టాను. ఎన్నిసార్లు తుడిచినా రెక్కల మధ్య ఆ పచ్చటి పసరు చార పోలేదు.

"కట్టించుకోండి వదినా. విప్పాల్సి వస్తే ఇది ఇక్కడే ఉంది."

వదిన కత్తెర వైపు చూసింది. బాబాయి నోట్లో అప్పటికే ఆకు ఉంది, నమలడం ఆపి చూస్తున్నాడు. వదిన చీర కిందికి లాక్కుని, కాలు మెల్లగా తనవైపు ముడుచుకుంది.

బాబాయి వెళ్ళాక గుమ్మం అవతల ఆకుపచ్చగా ఉమ్మి ఉంది. నీళ్ళు పోసి కడిగాను.