నీళ్ల మీద తేలిన నూనె

మొన్న భూపాలపల్లిలో రోడ్డు పక్కన ఆగిన ఒక పాత పికప్‌ను దాటుకుని నడుస్తుంటే బ్రేక్ ఆయిల్ ఘాటు ముక్కుకు తగిలింది. ఆ బండ్లలో క్లచ్‌కు కూడా అదే ఆయిల్ పోస్తారు. ఆ వాసన వస్తే ఇన్నేళ్ల తర్వాత కూడా నా ఎడమ చెంప వేడెక్కుతుంది. వెంటనే మెకానిక్ యాకయ్య బాపు గుర్తొస్తాడు.

అప్పట్లో నేను బయ్యారం నుంచి మహబూబాబాద్ మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలే డ్రైవర్‌ని. ఇద్దరు పిల్లల తండ్రిని. ఒకరోజు పొద్దున సరిగ్గా మార్కెట్ గేటు ముందు బండి ఆగింది. క్లచ్ పెడల్ కాలికింద మెత్తగా దిగిపోయింది, గేరు పడలేదు. వెనక బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి. బండి యజమానిని అందరం పటేల్ అనేవాళ్లం. ఆయన వచ్చి, ఏమైందని అడగకుండానే అందరి ముందు నా చెంప మీద కొట్టాడు. “రోజంత క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతవ్. ప్లేటు కాలబెట్టినవ్” అన్నాడు. నేను తల దించుకున్నాను. అది తలచుకుంటే పటేల్ మీదకంటే నా మీదే నాకు ఎక్కువ కోపం వస్తుంది.

బండిని నెట్టుకుంటూ యాకయ్య షెడ్డుకు తెచ్చాం. అప్పటికే ఆయన అరవై దాటిన మనిషి. పటేల్ ఏదో చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, నన్ను అడిగాడు.

“బండి గుంజుతలేదా, గేరు పడ్తలేదా?”

“గేరు పడ్తలేదు బాపు.”

“కాలిన వాసనొచ్చిందా?”

“రాలే.”

“ప్లేటు కాలితే ఇంజను మొత్తుకుంటది గని బండి గుంజది. గిది గది కాదు” అన్నాడు. పెడల్‌ను ఐదారుసార్లు గబగబా తొక్కమన్నాడు. తొక్కితే గేరు పడింది. ప్లేటు బాగానే ఉందని, కాలితో నొక్కిన బలాన్ని ఆయిల్ అక్కడిదాకా మోయడం లేదని విడమర్చి చెప్పాడు. తర్వాత బండిలోని క్లచ్ ఆయిల్ డబ్బా మూత తీశాడు. లోపల నల్లగా ఉంది. గిన్నెడు నీళ్లలో రెండు చుక్కలు వేశాడు. అవి కలవకుండా పైన తేలి పరుచుకున్నాయి.

“బ్రేక్ ఆయిలైతే నీళ్లల్ల కలుస్తది. గిది ఇంజన్ ఆయిల్. లోపలి రబ్బర్లన్ని ఉబ్బి పాడైనయ్. ఎవలు పోసిండ్రు?”

పటేల్ గిన్నె మీంచి చూపు తిప్పుకున్నాడు. “మొన్న తక్కువుంటే నేనే పోసిన. ఆయిల్ ఆయిలే గదా. అయిందేదో అయింది, బండి చెయ్” అన్నాడు.

యాకయ్య చేతిలో పానా కింద పెట్టాడు. “ఆయన చెంప మీద నీ వేళ్లు కనవడ్తున్నయ్. తప్పు నాదని ముందు ఆయనకు చెప్పు. అప్పుడు చేస్త.”

డ్రైవర్ ముందు తప్పు ఒప్పుకోవడమా? పటేల్ తాడు కట్టించి బండిని వేరే షెడ్డుకు లాక్కుపోయాడు. పోతూ పోతూ నన్ను పనిలోంచి తీసేశాడు.

“పోనీ బాపు. నాకోసం నీ గిరాకి పోయింది” అన్నాను.

ఆ మాటకు ఆయన నా మీద మండిపడ్డాడు. “గా మాటనే మా నాయిన అన్నడు” అన్నాడు.

జనగామ దగ్గరి ఊళ్లో వాళ్ల నాయిన దొర గడీలో వెట్టి చేసేవాడట. ఒకనాడు పెట్రోలు అయిపోయి దొర మోటారు ఆగింది. ఎండలో గడీ దాకా ఆయనతోనే నెట్టించి, నీ చెయ్యి తగిలే బండి ఆగిందని కొరడాతో కొట్టించాడు దొర.

“పెట్రోలు లేదని దొరకెరికే. ఈపుల నెత్తురు కారంగ మా నాయిన, పోనీ బిడ్డా అన్నడు. నాతోని ఓర్సుకునుడు గాలె. తెల్లారి పోయి దొరల మీద కొట్లాడే సంఘంల కలిసిన, బందూకు పట్టిన. గంతమంది పాణాలు పోయినంక గూడ నువ్వు ఎందుకు పోనిస్తున్నవ్ రా?”

మర్నాటి నుంచి ఆయన దగ్గరే పనిలో చేరాను.

వారం తిరక్కముందే పటేల్ మళ్లీ వచ్చాడు. అవతలి షెడ్డులో కొత్త ప్లేటు వేశారు, గేరు మాత్రం పడలేదు. “తప్పు నాదే” అన్నాడు, గోడవైపు చూస్తూ.

“గోడను కొట్టినవా?” అన్నాడు యాకయ్య.

పటేల్ నా వైపు తిరిగి మళ్లీ చెప్పాడు. అప్పుడుగాని యాకయ్య బండి మీద చెయ్యి వేయలేదు. పైపులు కడిగి, రబ్బర్లన్నీ మార్చి, కొత్త ఆయిల్ పోశాడు. నేను పెడల్ తొక్కుతుంటే, గాలి బుడగలు పూర్తిగా పోయేదాకా బండి కింద పడుకుని చూశాడు. మళ్లీ పనికి రమ్మని పటేల్ తాళాలు నా ముందుకు చాపాడు. నేను తీసుకోలేదు.

బాపు పోయి చాలా ఏళ్లయింది. నా షెడ్డుకు ఏ బండి వచ్చినా ముందు డ్రైవర్‌నే అడుగుతాను. యజమాని అడ్డొస్తే ఆగమంటాను. కొందరు అలిగి వెళ్లిపోతారు కూడా. పటేల్‌ను మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు. ఒప్పుకున్నాడు కదా, ఇంకా ఎందుకంటారు ఇంట్లోవాళ్లు. ఆయన్ను క్షమించమని యాకయ్య బాపు నాకు ఒక్కనాడూ చెప్పలేదు.